పదకొండు గడపలు

ఆ ఉదయం మందుల షాపు షట్టరెత్తి, కౌంటరు తుడిచి, ఆమె మొదటి చీటీ అందుకుంది. ఇచ్చినావిడ అమ్మతోపాటు బుధవారం ప్రార్థన కూటానికి వెళ్ళే మనిషే. కూటంలో పాటలెత్తేది ఆవిడే కాబట్టి అందరూ పాటలత్త అంటారు. చీటీ చేతికిచ్చింది గానీ వేళ్ళు మాత్రం వదల్లేదు.

"ఓనరుగారు లేరా తల్లీ?"

"పదింటికి వస్తారండీ. నేనిస్తాను కదా!"

"ఆయన్నే ఇవ్వనీలే. ఏమీ అనుకోకు. మేమందరం నీకోసం మోకాళ్ళ మీదే ఉన్నాం."

"నాకోసమా? ఎందుకూ?"

"అదేనమ్మా, డ్రాయింగు మాస్టారి మాత్రల సంగతి. నిన్న కూటంలో మీ అమ్మ ప్రార్థన విన్నపం పెట్టి ఎంత ఏడ్చిందో!"

ఆమె చీటీ వదిలేసింది.

సోమవారం మాస్టారి బీపీ మాత్రలకు బదులు, అదే రంగు పెట్టెలోని ఎక్కువ మోతాదువి ఇచ్చేసింది. గంటలోపే గమనించి, ఎండలో ఆయన ఇంటికి పరుగెత్తింది. అదృష్టం, ఆయన ఇంకా వేసుకోలేదు. "తప్పు నాదే మాస్టారూ" అంది రొప్పుతూ. ఆయన ఆమె వంక చూసి, "ముందు నీళ్ళు తాగమ్మా" అన్నారు. ఓనరుకూ తనే చెప్పుకుంది. ఆయన తిట్టాల్సిందంతా తిట్టి, ఇకమీదట ప్రతి మందు పేరూ, మోతాదూ పైకి రెండుసార్లు చదివి ఇవ్వమన్నాడు.

ఆ సాయంత్రం అమ్మ ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చింది. ఎవరికీ చెప్పొద్దంది. "నా కడుపులో పడ్డ మాట బయటికొస్తుందా పిచ్చిదానా!" అంది అమ్మ. ఆ కడుపు రెండు రోజులు కూడా ఆగలేదు.

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళేసరికి అమ్మ కూర తరుగుతోంది. నాన్న పేపరు చదువుతున్నాడు.

"ప్రార్థన విన్నపమంటే నా పరువు తీయడమా అమ్మా?"

అమ్మ చేతిలో కత్తి ఆగింది. "అదేం మాటే! నీ మంచికేగా చెప్పాను. పదకొండు మంది కలిసి ప్రార్థిస్తే..."

"దేవుడికేమన్నా చెవుడా? పదకొండు మంది అరిస్తేగానీ వినపడదా?"

"చెవుడేం లేదు గానీ, మీ అమ్మ గొంతు ఆయనకెప్పుడో అలవాటైపోయింది" అన్నాడు నాన్న, వాతావరణం తేలికచేద్దామని. ఎవరూ నవ్వలేదు. ఆయన మళ్ళీ పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "సరేలే, ప్రభువు దగ్గర క్షమాపణ అడుగుతాను."

"అడుగు. నేనూ అడిగాను. కానీ ముందు మాస్టారింటికి పరుగెత్తాను. ఇక్కడే మోకాళ్ళ మీద కూర్చునుంటే ఆ మాత్ర ఆయన కడుపులోకి పోయేది."

అమ్మ కత్తి పక్కన పెట్టేసింది.

ఆ తర్వాత ఐదు రోజులు ఆమె అమ్మతో మాట్లాడలేదు. ఆదివారం చర్చిలోనూ వేరే వరసలో కూర్చుంది. షాపులో తెలిసినవాళ్ళు ఓనరు కోసం ఆగుతుంటే ముళ్ళ మీద నిలబడ్డట్టుండేది. కానీ వాళ్ళ మీద కోపం రాలేదు. అమ్మ ఒడి గడియ వేసిన గది అనుకుంది. తీరా చూస్తే అది వీధి గుమ్మం. ఆ బాధే ఆమెకు మింగుడుపడలేదు.

మంగళవారం మధ్యాహ్నం షాపులో జనం పల్చబడ్డారు. తలెత్తితే కౌంటరు ముందు అమ్మ! చేతిలో గొడుగు, చెప్పుల నిండా దుమ్ము. ఓనరు లేచి, "ఇలా ఇవ్వండమ్మా" అని చెయ్యి చాపాడు.

"వద్దు బాబూ. అమ్మాయే ఇస్తుంది."

ఆమె చీటీ తీసుకుంది. మొహం మాత్రం ఎత్తలేదు.

"పదకొండిళ్ళు" అంది అమ్మ, కూతురికి మాత్రమే వినపడేలా. "తొమ్మిదిళ్ళకు వెళ్ళొచ్చాను. రెండిళ్ళకు తాళాలున్నాయి. రేపు పొద్దున్నే వెళ్తాను."

"ఏం చెప్పావు?"

"అది విన్నపం కాదు, నా కూతురు నన్ను నమ్మి చెప్పుకున్న మాట, బయటపెట్టే హక్కు నాకు లేదన్నాను. దానికోసం కాదు, నా నాలుక కోసం ప్రార్థించండన్నాను."

"ఏమన్నారు?"

"ఒకావిడ ఏడ్చింది. ఒకావిడ తలుపు సగమే తీసింది. పాటలత్తేమో నా నాలుక కోసం మూడు రోజులు ఉపవాసం పెడదామంది. మూడు రోజులు చాలదు వదినా అన్నాను."

ఆమెకు నవ్వొచ్చింది. పెదవి కొరికి ఆపుకుంది. ఆపుకునేసరికి కళ్ళు నిండాయి.

"పోయిన మాట తిరిగి రాదని తెలుసే" అంది అమ్మ. "మాత్రయితే వెనక్కి తీసుకోవచ్చు, మాటను తీసుకోలేం. అయినా వెళ్ళాలని నిన్ను చూసి నేర్చుకున్నాను. ఇంతకాలం దేవుడి దగ్గర ఏడిస్తే సరిపోతుందనుకున్నాను. నువ్వు నన్ను ఎప్పుడు నమ్మగలిగితే అప్పుడే నమ్ము. తొందరేం లేదు."

ఆమె అరలోంచి మాత్రలు తీసింది. పేరు, మోతాదు పైకి చదివింది. వేలు పెట్టి మళ్ళీ చదివింది. ఒక్క అక్షరమూ తప్పలేదు. అమ్మ ఆ షీటును రెండు చేతులతో అందుకుంది, చర్చిలో ప్రభువు బల్ల రొట్టె అందుకున్నంత భక్తిగా.

మాస్టారు ఆ రోజు తనను గుమ్మంలో ఎంతసేపు నిలబెట్టారు? ఒక్క నిమిషం కూడా కాదు.

లోపల కుర్చీ మీద ఉన్న తన సీసా తెచ్చి, మూత తీసి, కౌంటరు మీదుగా చాపింది.

"ఎండన పడొచ్చావు. ముందు నీళ్ళు తాగమ్మా."