సంజీవ్ అంటించిన నూకలు

చార్టు మీద అంటించిన ఆఖరి నూకను కూడా నిరోష గోటితో గీకేసింది.

"ఏందే, అట్ల పీకేసినవ్?" అన్నాడు సంజీవ్.

"మరేంది! 'కణం' అంటే సైన్స్ మాట. చార్టంత కిచెన్ చేసినవ్!"

ఒకే మాటను ఎక్కడెక్కడ ఏ అర్థంలో వాడతారో ఇద్దరిద్దరు కలిసి రేపు క్లాసులో చెప్పాలి. వీళ్లిద్దరికీ 'కణం' వచ్చింది. నిరోష జీవకణం బొమ్మ గీసింది. ఎర్ర రక్తకణాలకు రంగులద్దింది. ఆమె లంచ్‌కు వెళ్లినప్పుడు సంజీవ్ ఈ నూకలు అంటించాడు.

"చిన్నదంటే నాకు నూకే యాదికొచ్చింది," అని గొణిగి బ్యాగు తగిలించుకున్నాడు. "నువ్వొక్కదానివే చెప్పుకో. నేను రాను."

సాయంత్రం దానయ్య తాతతో యూనివర్సిటీ క్యాంపస్‌లో వాకింగ్‌కు వెళ్లినా నిరోష మనసు కుదురుగా లేదు. తాత ఒకప్పుడు అక్కడే తెలుగు పాఠాలు చెప్పేవాడు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చోగానే అడిగింది.

"తాతా, కణం అంటే ఏంది?"

తాత పకపకా నవ్వాడు. "గీడనే టిఫిన్ డబ్బాలు తెరిచేటోళ్లం. ఫిజిక్స్ రాంచందర్ 'కణం మాది' అనేటోడు. బయాలజీ పద్మశ్రీ 'కాదు, మాది' అనేది. రోజూ ఒకటే లొల్లి! ఎంత మంచిగుండె బిడ్డా ఆ రోజులు!"

"ఇంతకూ ఎవరిది?"

"ఇద్దరూ అడిగి తెచ్చుకున్నోళ్లే. సంస్కృతంల కణమంటే గింజ, నూక. అంత చిన్నగున్నదని నిప్పురవ్వను అగ్నికణమన్నరు. ఆనెంక సైన్సోళ్లూ తీసుకున్నరు."

నిరోష చప్పున లేచింది. "లాలాపేట్ పోదాం పా తాతా. సంజీవ్ ఇంటికి!"

సంజీవ్ తలుపు తీశాడు కానీ లోపలికి రమ్మనలేదు.

"సారీ రా. అడగకుండ పీకేసిన," అంది నిరోష. "నీకు నూకే ఎందుకు యాదికొచ్చిందో చెప్పవా?"

సంజీవ్ తలుపు పూర్తిగా తెరిచాడు. "ఊళ్ల మా నానమ్మ బియ్యం చెరుగుతుంటే ముందల కూసునేటోణ్ణి. చాటలకెల్లి నూకలు నా చేతుల మీద పడేటియి. కితకితలైతుండె. గిప్పుడు ప్యాకెట్ బియ్యమే గద. చెరుగుడే లేదు."

"నా చేతుల మీద ఎప్పుడూ పడలే," అంది నిరోష.

సంజీవ్ లోపలికి ఉరికాడు. ఉప్మాకని అమ్మ దాచిన నూకలు గుప్పెడు తెచ్చాడు. నిరోష గడప ముందు కూర్చుని, ఒళ్లో చున్నీ పరిచి రెండు చేతులూ చాపింది. నూకలు జలజలా రాలాయి.

"అబ్బ! నిజంగనే కితకితలు!" కిలకిలా నవ్వింది. "రేపు ఫస్ట్ నువ్వే చెప్పాలె. చార్టు నేను పట్టుకుంట."

"ఇంకో గుప్పెడు పొయ్యాల్నా?" అన్నాడు సంజీవ్.