పుట్టింటి చక్రాలు

"నేను రాను! ఆ ఆసుపత్రీ వద్దు, ఆ డాక్టరూ వేండాం... నన్ను ఇట్లే వదిలేయండి నాయనా!"

రాక్కమ్మాళ్ మంచం పట్టెను రెండు చేతులా గట్టిగా పట్టుకుని, మొహం గోడవైపు తిప్పేసుకుంది. వాకిట్లో తెల్లకారు సిద్ధంగా ఉంది. పాండియరాజన్ చేతిలో తాళంచెవులు, సుధాలక్ష్మి చేతిలో అత్తగారి ఎక్స్‌రే కవరు, మంచినీళ్ళ సీసా... కొడుకూ కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వరసగా ఇది మూడోసారి! పోయిన మంగళవారం కడుపునొప్పి అంది. శుక్రవారం తల తిరుగుతోంది అంది. ఈరోజు సాకు వెతికే ఓపిక కూడా లేనట్టు, రానంటే రానని భీష్మించుకు కూర్చుంది.

రెండు నెలల క్రితం వేరుశనగ మిఠాయి కార్ఖానాలో, బెల్లంపాకం ఒలికిన నేల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది ఆవిడ. విరుదునగర్‌లో ఆపరేషన్ చేసిన డాక్టరు వారానికి రెండుసార్లు తీసుకొచ్చి వ్యాయామం చేయించమన్నాడు. "మానేశారంటే కీలు బిగుసుకుపోతుందమ్మా. ఆ తర్వాత నేనే కాదు, ఎవరూ ఆవిణ్ణి నడిపించలేరు" అని నిన్న ఫోన్లో గట్టిగానే చెప్పాడు. అరవై ఆరేళ్ళ వయసులో కూడా తెల్లవారకముందే లేచి, కోవిల్‌పట్టి బజారంతా కాలినడకన చుట్టి వచ్చే మనిషి! ఆ మనిషి ఇక మంచానికే అతుక్కుపోతుందా?

పాండియరాజన్ తాళాలు బల్లమీద విసిరికొట్టాడు. "నిజం చెప్పు సుధా! మా అమ్మను నువ్వేం అన్నావు? మొదట్లో బండెక్కితే సాత్తూరు దాటేదాకా నోరు మూసేదే కాదు. ఇప్పుడు బండి అంటేనే వణుకుతుండాది. నువ్వు ఏదో అనకుండానే ఇట్లా అయిందా?"

"నేనా? అత్తనా? ఏమండీ... మీరే అట్లా అడగొచ్చునా?" సుధాలక్ష్మి ఎక్స్‌రే కవరు మంచంమీద పెట్టేసింది. పదిహేనేళ్ళ కాపురంలో అత్తను ఎదిరించి ఒక్క మాట అన్నది లేదు. పెళ్ళయిన కొత్తలో, తల్లి పోయిన దుఃఖంలో అన్నం మానేస్తే, కంచం పట్టుకుని ఎదురుగా కూర్చుని ముద్దలు కలిపి పెట్టింది ఈ అత్తే కదా! అలాంటి మనిషి ఈ మూడు వారాలుగా తనను చూస్తే చూపు తిప్పుకుంటోంది. దగ్గరికి వెళ్ళి "ఏమైంది అత్తా?" అంటే, "ఏమీ లేదులే అమ్మాడీ, నువ్వు పో, పని చూసుకో" అంటోంది. కోపంగా అన్నా బాగుండును. ఆ మెత్తదనమే సుధాలక్ష్మిని కోసేస్తోంది. ఎక్కడ పొరపాటు జరిగింది? ఏ మాట తూలాను? రాత్రీ పగలూ వెతుక్కున్నా జవాబు దొరకలేదు.

జవాబు వాకిట్లోనే ఉంది. ఎండలో తళతళలాడుతూ, నాలుగు మూలలా నిలబడి ఉంది! కానీ మన కంటికి మనం చేసిన పని అంత తొందరగా కనబడుతుందా?

ఆ కారు చక్రాల సంగతి చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. సుధాలక్ష్మికి ఒక్కడే తమ్ముడు, మునియసామి. చిన్నప్పటినుంచీ పంక్చర్లు వేసుకుంటూ బతికినవాడు. పన్నెండేళ్ళ క్రితం అక్క కూతురు సంగవికి చెవులు కుట్టించిన రోజు, మేనమామ తేవలసిన సీరును, అదే పుట్టింటి సారెను, ఒక్క పళ్ళెంలో పెట్టుకుని, టౌన్ బస్సెక్కి వచ్చాడు పాపం. గింజంత కమ్మలు, ఒక గౌను, అరడజను అరటిపళ్ళు. అది చూసి పాండియరాజన్ అక్క పెరియనాయగి అందరి ముందూ పకపకా నవ్వింది. "కండక్టరు లగేజీ చార్జీ కూడా అడిగి ఉండడే ఈ సీరుకు!" అంది. పందిట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. మునియసామి కూడా నవ్వాడు. సుధాలక్ష్మి మాత్రం వంటింట్లోకి వెళ్ళి, పొగ కళ్ళల్లో పడిందని చెప్పుకుంటూ ఏడ్చింది. ఆ నవ్వు ఆమె గుండెలో పన్నెండేళ్ళు అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు మునియసామికి విరుదునగర్‌లో సొంతంగా టైర్లూ చక్రాలూ అమ్మే షాపు ఉంది. మూడు వారాల క్రితం అక్కవాళ్ళ కొత్త ఇంట్లో పాలు పొంగించే ముహూర్తం దగ్గరపడ్డప్పుడు, "ఏం సీరు తేవాలక్కా? బీరువానా, ఇత్తడి అండాలా?" అని అడిగాడు. "ఇంట్లో మూల పెట్టేది నాకొద్దు తమ్ముడా. ఊరంతా చూడాల. మా కారుకు చక్రాలు ఇయ్యి!" అంది సుధాలక్ష్మి. అతను షాపులో ఉన్నవన్నీ చూపించాడు. పదిహేడు అంగుళాలవి, ఒక్కో ఆకూ కత్తిలా మెరిసేవి, చూడగానే ఆమె చెయ్యి వాటిమీదే ఆగిపోయింది.

"ఇవి వద్దక్కా" అన్నాడు మునియసామి. "బండితో వచ్చినవి పదిహేను. కావాలంటే పదహారు పెడతాను. చక్రం పెద్దదైతే దానిమీద రబ్బరు అంత పలచబడాల, లేకుంటే గూట్లో పట్టదు. ఇప్పుడు ఐదంగుళాల రబ్బరు ఉండాది. ఇవి పెడితే నాలుగు కూడా ఉండదు. గుంటలో పడితే ఆ దెబ్బ రబ్బరు తినదు, మనిషే తినాల. ముందు కూచునేవాళ్ళకు అంత తెలీదు. వెనక సీటు సరిగ్గా చక్రాలమీదనే గదా... మీ బండిలో వెనక ఎవరు కూచునేది?"

సుధాలక్ష్మి ఆ ప్రశ్న వినిపించుకోలేదు. ఆమె చెవుల్లో ఆ పాత నవ్వే మోగుతోంది. "ఎవరైతే ఏమిలే! నువ్వు పెద్దవే పెట్టు. ఈసారి ఎవరూ నవ్వకూడదు!" అంది. అక్క మాట ఎప్పుడు కాదన్నాడు గనక!

పాలు పొంగించిన రోజు ఆ నాలుగు చక్రాలూ పళ్ళాల మధ్య, పసుపూ కుంకుమా బొట్లతో, మేళతాళాలతో వచ్చాయి. చక్రాలకు బొట్టేమిటని మొదట నవ్వినవాళ్ళు, బండికి బిగించి చూపించేసరికి నోళ్ళు తెరిచారు. పెరియనాయగి అయితే రెండుసార్లు చుట్టూ తిరిగి చూసింది. చక్రాల కుర్చీలో కూర్చున్న రాక్కమ్మాళ్ ఆ సీరును రెండు చేతులా తాకి కళ్ళకద్దుకుంది. ఆ రోజు సుధాలక్ష్మి కాళ్ళు నేలమీద లేవు. పాండియరాజన్ కూడా "స్టీరింగు ఎంత గట్టిగా నిలబడుతుందో! పెద్ద బండి నడిపినట్టే ఉండాది" అని మురిసిపోయాడు. సుధాలక్ష్మి ఎప్పుడూ ముందు సీట్లో అతని పక్కనే కూర్చునేది. వెనక రాక్కమ్మాళ్ ఒక్కతే.

ఇదీ ఆ చక్రాల కథ. ఇక రాక్కమ్మాళ్ రానని భీష్మించుకున్న రోజుకు వద్దాం. సంగతి విని, పది గంటలకల్లా పెరియనాయగి శ్రీవిల్లిపుత్తూరు నుంచి బస్సు దిగి వచ్చేసింది. పాల్‌కోవా డబ్బా బల్లమీద పెట్టీ పెట్టకముందే మొదలెట్టింది. "అమ్మ కాలు పోవాలని కాచుకోనుండావా సుధా? మంచంలో పడితే నీ ఇష్టం వచ్చినట్టు ఏలుకోవచ్చనా?" సుధాలక్ష్మి తల వంచుకుని నిలబడింది. జవాబు చెబితే అది గొడవ అవుతుంది, చెప్పకపోతే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుంది... ఏం చెయ్యాలి ఆడది!

"దాన్ని ఏమీ అనొద్దే పెరియనాయగీ!" రాక్కమ్మాళ్ ఉలిక్కిపడి లేవబోయింది. "నా కోడలు బంగారం. సరే... సరే వస్తాను, పదండి. గొడవ వేండాం."

అందరూ బయల్దేరారు. పెరియనాయగికి వెనక కూర్చుంటే వాంతి అవుతుంది. అందుకని ఆవిడ ముందు ఎక్కింది. చక్రాలు వచ్చిన తర్వాత మొదటిసారి సుధాలక్ష్మి వెనక సీట్లో, అత్త పక్కన కూర్చుంది.

వీధి మలుపు తిరగనే లేదు, కింద నుంచి దడేలుమని ఒక దెబ్బ తగిలింది. సుధాలక్ష్మి నడుము జివ్వుమంది. ఆ ప్రాంతమంతా నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది. దానిమీద వేసిన రోడ్డు ఏడాది తిరక్కుండా అలలు తేలిపోతుంది. ఒక ఎత్తు, ఒక పల్లం, ఒక అతుకు... ప్రతి ఒక్కటీ లెక్క తప్పకుండా వెన్నెముకకు తెలుస్తోంది. పెద్దరోడ్డు ఎక్కితే తగ్గుతుందిలే అనుకుంది. పెద్దరోడ్డు నున్నగానే ఉంది గానీ, వంతెన వచ్చినప్పుడల్లా ధడ్ ధడ్‌మని రెండు దెబ్బలు. ముందు సీట్లో పెరియనాయగి ఏదో చెబుతూనే ఉంది. ఆవిడకేమీ తెలియడం లేదు!

సుధాలక్ష్మి పక్కకు చూసింది. చూసి కొయ్యబారిపోయింది. రాక్కమ్మాళ్ పమిట కొంగును నోట్లో కుక్కుకుని ఉంది. రెండు అరచేతులూ సీటుకు ఆనించి, విరిగిన తుంటిని గాల్లోకి ఎత్తిపట్టుకుని కూర్చుంది. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. గొంతులోంచి మాత్రం ఒక్క శబ్దం లేదు!

"బండి ఆపండి! ఏమండీ... ఆపండి!" సుధాలక్ష్మి కేకకు పాండియరాజన్ అదిరిపడి, సాత్తూరు ఇవతల రోడ్డు పక్కన ఆపేశాడు.

"అత్తా! ఇన్నాళ్ళూ ఇట్లనే వస్తుండావా? ఇంత నొప్పి పెట్టుకుని... ఒక్క మాట! ఒక్క మాట చెప్పకూడదా అత్తా?"

రాక్కమ్మాళ్ కొంగు నోట్లోంచి తీసింది. దానిమీద పంటిగాట్లు ఉన్నాయి. "ఎట్లా చెప్పేది అమ్మాడీ? అది నీ తమ్ముడు ఇచ్చిన సీరు. నలుగురి ముందర నేను కళ్ళకద్దుకుని తీసుకున్నది. పుట్టింటి సీరును బాగాలేదంటే ఆ పిల్లోని చెయ్యి తోసేసినట్టు గదా! ఒకసారి మన ఇంట్లో వాణ్ణి చూసి నవ్వినారు. ఆ పొద్దు నువ్వు వంటింట్లో ఏడిస్తే, నేను తలుపు బయటనే నిలబడుకొని ఉంటిని... లోపలికి వచ్చే మొహం నాకు లేకపోయింది. మళ్ళా నా నోటితో వాణ్ణి తక్కువ చెయ్యమంటావా? కాలు పోతే పోనీలే. ఎంత కాలం బతకబోతాను!"

సుధాలక్ష్మి గుండె బద్దలైంది. ఇక దాచుకోవడానికి ఏం మిగిలింది? ఎవరి ముందు గెలవాలని ఆ చక్రాలు కోరుకుందో, ఆ వదిన ముందు సీట్లోంచి తిరిగి తననే చూస్తోంది. ఆమె ముందే చెప్పాలి. చెప్పడం చావుతో సమానంగా ఉంది. అయినా చెప్పింది.

"తప్పు మునియసామిది కాదు అత్తా... నాది! వాడు వద్దని చెప్పినాడు. వెనక ఎవరు కూచుంటారక్కా అని అడిగినాడు కూడా. నేనే వినలేదు. వదిన నోరు మూయించాలని, మా పుట్టిల్లు పెద్దదనిపించుకోవాలని... నీ నడుము మీద ఊరేగినాను అత్తా! నన్ను కొట్టు!" అంటూ అత్త చేతుల్లో మొహం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

పెరియనాయగి మొహం ముందుకు తిప్పుకుంది. పాండియరాజన్ స్టీరింగు మీద తల ఆనించుకుని, "పొద్దున నిన్ను ఎన్ని మాటలన్నాను సుధా..." అన్నాడు.

అక్కణ్ణుంచి బండిని వీలైనంత నెమ్మదిగా నడిపి, తిన్నగా విరుదునగర్‌లో మునియసామి షాపు ముందు ఆపాడు. మునియసామి పరుగెత్తుకుంటూ వచ్చాడు. వెనక తలుపు తీసి రాక్కమ్మాళ్ మొహం చూశాడో లేదో, అతనికి అంతా అర్థమైపోయింది. టైర్ల మధ్య పెరిగినవాడికి వేరే చెప్పాలా?

"అత్తా, క్షమించు! నాదే తప్పు" అంటూ నేలమీద మోకాళ్ళు ఆనించాడు. "ఆ చక్రాలు ఏరింది నేనే. చూసేదానికి బాగుంటాయని నేనే బలవంతంగా పెట్టినాను. అక్కకు ఏమీ తెలీదు. అక్కను ఏమీ అనొద్దు, బావా!"

నిజం తెలిసిన అందరి ముందు, సుధాలక్ష్మిని కాపాడటానికి తమ్ముడు అబద్ధం చెబుతున్నాడు! మొదట కదిలింది పెరియనాయగి. కారు దిగి వచ్చి మునియసామి భుజం పట్టి లేపింది. "అక్క అంతా చెప్పిందిలే మునియసామీ" అంది. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. "ఆ పొద్దు ఆ పళ్ళెం చూసి నవ్వినాను చూడు... అదే ఇంత దూరం తెచ్చింది. ఇట్లాంటి తమ్ముడు నాకు లేడు. అందుకే నవ్వినానేమో! మనసులో పెట్టుకోవద్దు నాయనా."

పక్కనే నిలబడ్డ పాండియరాజన్, "మరి నేనెవర్ని అక్కా?" అన్నాడు. అంత దుఃఖంలోనూ అందరికీ నవ్వు వచ్చింది.

బండితో వచ్చిన పదిహేనంగుళాల చక్రాలు షాపులోనే ఉన్నాయి. "వీటిని పెట్టేస్తాను అత్తా. ఆ పెద్దవి నా దగ్గరే ఉండనీ" అన్నాడు మునియసామి.

"అది మాత్రం వేండాం!" రాక్కమ్మాళ్ గట్టిగా అంది. "బండికి నీ ఇష్టం వచ్చినవి పెట్టు. సీరు మాత్రం నా ఇల్లు దాటి పోకూడదు. ఆ నాలుగూ మా ఇంటికి పంపియ్యి. సంగవి పెండ్లికి వచ్చినోళ్ళకంతా చూపిస్తాను, మా కోడలి తమ్ముడు ఇచ్చినాడని!"

అరగంటలో చక్రాలు మారాయి. మళ్ళీ ఎక్కేటప్పుడు పెరియనాయగి పక్కకు తప్పుకుని, "నువ్వు ముందర కూచో సుధా" అంది. సుధాలక్ష్మి తల అడ్డంగా ఊపి, వెనక తలుపు తీసుకుని అత్త పక్కన కూర్చుంది.

కారు ఆసుపత్రి వైపు మళ్ళింది. ఈసారి గతుకులు ఎక్కడో కిందనే ఆగిపోతున్నాయి, ఒళ్ళు మెల్లగా ఊగుతోందంతే. కానీ ఎంత రబ్బరున్నా విరిగిన ఎముక విరిగినదే కదా! ఆసుపత్రి సందు మొదట్లో కాలువ తవ్వి వదిలేసిన చోట బండి ఒక్కసారి దిగి ఎక్కింది.

"అబ్బా! నొప్పి... నొప్పిగా ఉండాది సుధా!" రాక్కమ్మాళ్ గట్టిగా అరిచి, కోడలి చెయ్యి పట్టుకుంది. "మెల్లగా పొమ్మని చెప్పు వాణ్ణి!"

పాండియరాజన్ కంగారుగా వెనక్కి తిరిగాడు. సుధాలక్ష్మి కళ్ళు తుడుచుకుని, అత్త తలను తన భుజం మీదికి తీసుకుంది. "చెప్పు అత్తా. ఎక్కడ నొప్పో అంతా నాకు చెప్పు" అంది. రాక్కమ్మాళ్ దారి పొడుగునా చెబుతూనే ఉంది.