పిలుపు గుండ్లు

మాదాపూర్ నుంచి రాయదుర్గం పోయే దారిలో పిలుపు గుండ్లు అని పెద్ద పెద్ద బండరాళ్లు ఉండేవి. ఇప్పుడు వెతికినా దొరకవు. వాటిని పగలగొట్టి కంకర చేసి, ఆ చోటనే అద్దాల మేడలు లేపారు. ఆ రోజుల్లో మాత్రం పొద్దుగూకాక అటు కాలు పెట్టినవాడు లేడు. మీసాలు మెలేసే మొనగాళ్లు కూడా చుట్టు తిరిగి పోయేవాళ్లే.

చీకటి పడ్డాక ఆ గుండ్ల సందులోంచి ఎవరో పిలిచేవారట... పేరు పెట్టి. ఒకసారి. కాసేపటికి ఇంకోసారి. అంతే.

దెయ్యం మూడోసారి పిలవదని మనవాళ్ల నమ్మకం కదా. అందుకే మా వైపు రాత్రిపూట ఎవరు పిలిచినా మూడో పిలుపుదాకా పలికేవాళ్లు కాదు. తొందరపడి పలికినవాడు తెల్లారేసరికి ఉండడని భయం.

ఈ సంగతి నాకు చెప్పింది మా పక్కింటి ముసలమ్మ రుక్కమ్మ. కోతలు కోయడంలో ఆమెను మించినవాళ్లు లేరు. చిన్నప్పుడు పులిని చీపురుతో కొట్టి తరిమానని చెప్పేది. ఈ ఒక్క కథ దగ్గర మాత్రం గొంతు తగ్గించేది... నవ్వేది కాదు.

రుక్కమ్మ కొత్త కోడలిగా వచ్చిన రోజులవి. ఎదురింట్లో కిష్టమ్మ ఉండేది. ఆమె మొగుడు ఐలయ్య, పట్నంలో ఫోటోలు తీసే వెంకటనారాయణ దగ్గర పనికి కుదిరాడు. ఆయన దేశం తిరుగుతూ కొండలు, జలపాతాలు, కోటలు ఫోటో తీసేవాడు. ఐలయ్య కెమెరా పెట్టె మోసేవాడు, దాని మీద ఎండ పడకుండా గొడుగు పట్టేవాడు. తాను మాత్రం ఒక్క ఫోటో కూడా దిగలేదు. దిగితే ఆయుష్షు తగ్గుతుందని అతని తల్లి సత్తెమ్మ ఒట్టు వేయించుకుంది.

పోలీస్ యాక్షన్ జరిగిన ఏడు, దసరాకు వస్తానని చెప్పి పోయినవాడు రాలేదు. పైగా సరిగ్గా దసరా ముందటి రాత్రే గుండ్లు పిలిచాయి.

"కిష్టీ..."

వాడంతా విన్నది. కిష్టమ్మ లేచి తలుపు గొళ్లెం మీద చెయ్యి వేసింది.

"అత్తా... ఆయన గొంతే."

సత్తెమ్మ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "దయ్యం తెలిసినోళ్ల గొంతుతోనే పిలుస్తది బిడ్డా. మూడోసారి పిలువనియ్యి."

"కిష్టీ..."

అత్తాకోడళ్లు తలుపు వెనకాల ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఎంతసేపు నిలబడ్డారో వాళ్లకే తెలియదు. మూడోసారి పిలుపు రాలేదు. పీడ పోయిందని సత్తెమ్మ దేవుడి పటానికి దండం పెట్టుకుని పడుకుంది.

ఏడాది తిరిగి వచ్చింది. ఐలయ్య జాడ లేదు. ఇక లాభం లేదు, వచ్చే అమావాస్యకు కిష్టమ్మ గాజులూ మెట్టెలూ తీయాల్సిందేనని పెద్దమనుషులు కూర్చుని తేల్చారు. వాళ్లలో ఒకడు, పెంటయ్య, వచ్చి ఆ మాట చెప్పి పోయాడు.

"సచ్చిండని సూసినోడు ఒక్కడు లేడు, నా గాజులెట్ల తీస్తరు?" అంది కిష్టమ్మ. అమావాస్యకు ఇంకా తొమ్మిది రోజులుంది.

అప్పుడే గొర్లకాపరి ఎల్లేశం ఒక వింత మొదలుపెట్టాడు. సాయంత్రం కాగానే ఇంటి ముందు గొంగడి పరిచి, లాంతరు పెట్టి, రేకు డబ్బాలోంచి ఫోటోలు తీసేవాడు. మేనమామతో కలిసి దేశమంతా తిరిగి వచ్చానని చెప్పేవాడు. గొర్లు తప్ప ఇంకేం ఎరగనివాడు ఎక్కడ తిరిగాడని నవ్వుకున్నారు గానీ, చూడ్డానికి మాత్రం ఊరంతా కదిలింది. కూకట్‌పల్లి దాటి ఎరగని జనం మరి.

"ఇగో గిది సముద్రం. జూసిండ్రా, అవతలి ఒడ్డే లేదు. గీ పడవ మంచి నీలం రంగుది. నేనెక్కిన."

ఫోటోలో నీలమూ లేదు, పచ్చా లేదు... అంతా నలుపూ తెలుపే. అయినా వాడు చెబుతుంటే వింటున్నవాళ్ల కళ్లు మెరిసేవి. ఫోటోలు చేతులు మారుతూ కిష్టమ్మ దాకా వచ్చాయి.

పడవ ఫోటో దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

కింద, ఇసుక మీద, రెండు నీడలు పడ్డాయి. ఒకటి కెమెరా నిలబెట్టిన మూడు కాళ్లది. దాని పక్కనే గొడుగు పట్టుకున్న ఒక మనిషి నీడ. గొడుగు ఎడమచేతిలో ఉంది. ఐలయ్యది ఎడమచేతి వాటం. ఆ చేత్తో ముద్ద కలిపినందుకు చిన్నప్పుడు సత్తెమ్మ వాత కూడా పెట్టింది.

"ఎల్లన్నా... గీ నీడ ఎవరిది?"

"నాదే చెల్లె."

"గొడుగు పుర్రచేత పట్టిండు గదా."

ఎల్లేశం ఫోటోలు గబగబా డబ్బాలో వేసి లాంతరు తగ్గించాడు. ఇవాళ్టికి ఇంతే, పొమ్మన్నాడు.

అందరూ వెళ్లారు. కిష్టమ్మ కదల్లేదు. ఏడాది తర్వాత మొదటిసారి ఆమెకు గుండె నిండా ఆశ పుట్టింది.

"ఆయనను యాడ జూసినవ్? నా దగ్గరికి రాకున్న సరే అన్నా... బతికుంటే చాలు."

ఎల్లేశం గొంగడి మీద కూలబడ్డాడు.

"పోయిన నెల గొర్రె తప్పిపోతే... పిలుపు గుండ్ల సందుల దిగిన. ఒక మనిషి కాలు రెండు రాళ్ల నడుమ ఇరుక్కున్నది. పక్కన గొడుగు. గీ డబ్బా. కాలికి వెండి కడెం... ఎముకలే ఉన్నయి చెల్లె. మీద రాళ్లు పేర్చి వచ్చిన."

కిష్టమ్మ ఏడవలేదు. నెమ్మదిగా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు అంది:

"రెండుసార్లు పిలిచిండు... మూడోసారికి పానం లేకుండె."

"నేను గూడ విన్న చెల్లె. అందరికన్న నా ఇల్లే దగ్గర. తలుపు తియ్యలే... ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె? గీ ఫోటోలన్న నీ కండ్ల పడాలని గిట్ల జేసిన."

ఆమె డబ్బా చంకన పెట్టుకుంది. లాంతరు తీసుకుంది. గుండ్ల వైపు నడిచింది.

సంగతి నిమిషాల్లో వాడంతా పాకింది. ఎల్లేశం వెంట పోబోతే అతని తల్లి కాళ్లు చుట్టేసుకుంది. మిగతా వాళ్లు తలుపులు వేసుకున్నారు. రుక్కమ్మ కిటికీ సందులోంచి చూస్తూనే ఉంది. దూరంగా లాంతరు వెలుగు... గుండ్ల మధ్యకు పోయి ఆగింది.

అప్పుడు వినిపించింది. ఏడాది కిందటి గొంతే.

"కిష్టీ..."

వెంటనే కిష్టమ్మ గొంతు — "వచ్చిన."

రెండో పిలుపు రాలేదు.

తెల్లవారుతుండగా అందరికన్నా ముందు పరిగెత్తింది సత్తెమ్మ. కోడలి శవమే చూడాల్సి వస్తుందనుకుని పోయింది పాపం. కిష్టమ్మ బతికే ఉంది. పేర్చిన రాళ్ల పక్కన కూర్చుని ఉంది. ఆమె ముందు ఫోటోలన్నీ వరసగా, ఎగిరిపోకుండా ఒక్కోదాని మీద ఒక్కో గులకరాయి. ఆమె గాజులూ మెట్టెలూ ఆ రాళ్ల మీదే ఉన్నాయి. ఒక్క గాజు కూడా పగలలేదు. తనే తీసి పెట్టింది. సత్తెమ్మ ఆ రాళ్లను పట్టుకుని ఏడ్చిన ఏడుపు, చచ్చేదాకా తన చెవుల్లో ఉంటుందనేది రుక్కమ్మ.

దీపావళి దాటాక వెంకటనారాయణ మాదాపూర్ వచ్చాడు, మళ్లీ ప్రయాణం ఉంది, ఐలయ్యను పంపమని. జరిగింది విని అరుగు మీద అలాగే కూర్చుండిపోయాడు.

"కిందటేడు దసరాకే పంపించేశాను కదమ్మా... ఊళ్లలో గొడవలు చల్లబడ్డాక తనే వస్తాడనుకుని కబురు చెయ్యలేదు. ఇంటిదానికి చూపించుకుంటానంటే ఈ ఫోటోలు నేనే అచ్చువేసి ఇచ్చాను."

కిష్టమ్మ డబ్బా తెచ్చింది. ఆయన తీసిన ఫోటోలు ఆయనకే ఒక్కొక్కటీ చూపిస్తూ పోయింది. ఈ కోట మీద కోతులు సద్ది మూట ఎత్తుకుపోయాయని, ఈ జలపాతం దగ్గర ఐలయ్య కాలు జారి పడ్డాడని. వెంకటనారాయణ కళ్లు తుడుచుకుంటూ తలాడించాడు. ఐలయ్య ఎప్పుడో ఉత్తరం రాయించి ఉంటాడనుకున్నాడు.

చివర పడవ ఫోటో వచ్చింది.

"ఎల్లన్న నీలమన్నడు గని గాదు. ఇది ఆకుపచ్చది. అవతలి పక్క పసుపుతోని మూడు అరచేతులు అద్ది ఉన్నయి. మీరు సామాను కట్టుకుంటుంటె పడవోడు ఆయనకు కొబ్బరిబోండం కొట్టిచ్చిండు. దాని తర్వాత మీకు జ్వరమొచ్చింది... పట్నం జేరి ఫోటోలు అచ్చేసినంక ఆయన ఇంటికి బయలెల్లిండు."

వెంకటనారాయణ మొహంలో నెత్తురు చుక్క లేదు. "అవతలి పక్క నేను ఫోటో తియ్యలేదమ్మా... ఇవన్నీ ఎవరు చెప్పారు?"

కిష్టమ్మ ఫోటోలు సర్దుతూ మామూలుగానే చెప్పింది. "వీటిల రంగులుండయి గదా అయ్యా. ఒక్కోటి లాంతరు కాడ పెట్టి అడిగిన. తెల్లారెదాక చెప్పిండు."

తాగడానికి ఇచ్చిన మంచినీళ్లు కూడా ముట్టకుండా ఆయన లేచి పోయాడు. మళ్లీ ఆ ఊరు రాలేదు.

గుండ్లు కూడా ఆ తర్వాత ఎప్పుడూ పిలవలేదట. అయినా మా వాడవాళ్లు మూడో పిలుపు కోసం ఆగడం మానేశారు. రుక్కమ్మ పోయే ముందు వారం ఒక రాత్రి నేను బయటి నుంచి పిలిస్తే, నా నోట్లో మాట పూర్తి కాకముందే పలికింది.

"దెయ్యమైతే ఎట్లా అవ్వా?" అన్నాను, ఆటపట్టిద్దామని.

ఆమె నవ్వలేదు.

"దయ్యమైతే దయ్యమే బిడ్డా... మనిషైతే?"