ముందే కడిగిన లాకప్పు

సిద్ధమ్మ కుర్చీలో కూర్చోలేదు. గోడకు ఆనుకుని నేలమీదే కూర్చుంది. ఆమెను వెంటబెట్టుకొచ్చిన రామక్క కుర్చీ అంచున కూర్చుని చేతిసంచిని రెండు చేతులతో పట్టుకుంది. రామక్క ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి.

అది 2008 వేసవి. సత్యనారాయణపేటలోని అనుపమ ఆఫీసు గది కిటికీకి కట్టిన తడిగుడ్డ ఎర్రదుమ్ముతో ఉదయానికే ఎర్రబారింది. రోడ్డుమీద ఇనుప ఖనిజం లారీలు ఆగకుండా పోతున్నాయి.

“మా ఆయప్పను పట్టకపోయి పదకొండు దినాలయింది మేడమ్,” అంది సిద్ధమ్మ. “అడిగితే గాదిలింగప్ప అనేటోడే ఈడ లేడంటారు. స్టేషన్ ఎదురుగా పంచర్ అంగడి ఉండాది. ఆడనే కూర్చోని చూస్తాండా. ఆయప్ప లోపలే ఉండాడు.”

“ఎట్లా తెలుసు?” అంది అనుపమ.

“దగ్గుతాడు. ఖనిజం దగ్గు. ఇరవై ఏండ్లు పక్కన పండుకున్నా. నాకు తెల్దా?”

అనుపమ ప్రైవేటు డిటెక్టివ్. అంతకుముందు బీమా కంపెనీ తరఫున అనుమానపు చావుల మీద విచారణలు చేసేది. ఇతరులకు చెప్పే అబద్ధాన్ని మనిషి గుర్తుపెట్టుకుంటాడు, తనకు తాను చెప్పుకునేదాన్ని మరిచిపోతాడు. వెతకవలసింది ఆ రెండోదాన్నే అని ఆమె ఆ రోజుల్లోనే తెలుసుకుంది. ఆమె సహాయకుడు తిప్పేస్వామి ఒకప్పుడు కోర్టులో టైపిస్టు. ఆమె మాటలను నోటుబుక్కులో రాసుకోవడం తన భాగ్యమనుకుంటాడు.

“ఎందుకు పట్టుకున్నారు?”

“దోణిమలై దావలో లారీ ఒకాయన్ని తొక్కేసింది. మా ఆయప్ప ఆ లారీకి క్లీనరు. ఆ పొద్దు ఓనరే తోలినాడంట. రాతిరి ఇంటికొచ్చి వణుకుతా చెప్పినాడు. తెల్లారేసరికి జీపు వచ్చింది. నువ్వే తోలినావని ఒప్పుకో అంటాండారంట.”

“ఓనరెవరు?”

“యాడ తెలుస్తాది మేడమ్? కాగితంలో ఒకరు, బాడుగకు తిప్పేది ఒకరు. ఆ పేరు చెప్పకముందే తీసకపోయిరి.”

తర్వాతి సంగతి రామక్క చెప్పింది. లాకప్పుల్లో ఉన్నవాళ్ళను పోలీసులు కొడుతున్నారా, అన్నం నీళ్ళు ఇస్తున్నారా అని చూసి రావడానికి జడ్జిగారు ఇద్దరు స్వచ్ఛంద పరిశీలకులను పెట్టాడు. ఒకరు ఆమె, మరొకరు రిటైర్డ్ హెడ్మాస్టరు సుబ్బరామి. జీతం లేదు. తనిఖీ చెప్పకుండా జరగాలి. అందుకే జడ్జిగారు స్వయంగా స్టేషన్ పేరు రాసి, లక్క ముద్ర వేసి, పొద్దున ఎనిమిదింటికి కోర్టు జవాను యల్లప్ప చేత సుబ్బరామి ఇంటికి కవరు పంపుతాడు. పదింటికి సుబ్బరామి ఆటోలో వచ్చి ఆమెను ఎక్కించుకుంటాడు. ఆటో ఎక్కేదాకా ఏ స్టేషనో ఆమెకు తెలియదు.

“సిద్ధమ్మ అర్జీ మీద ఈ స్టేషన్‌కే మూడుసార్లు పోయినాం. మూడుసార్లూ లాకప్పు ఖాళీ. మూడుసార్లూ గచ్చు తడి, ఫినాయిల్ వాసన. ఊడ్చేవాళ్ళు వచ్చేది ఆరింటికి. పదిన్నరకు ఎవరు కడుగుతారమ్మా?”

“ఆ మూడు దినాలూ తొమ్మిదింటికి జీపు బయటికి పాయె,” అంది సిద్ధమ్మ. “టార్పాలిన్ దించి, కురుగోడు దిక్కు. మధ్యాన్నానికి తిరిగొచ్చె.”

“సుబ్బరామిగారు ఎట్లాంటి మనిషి?”

“బంగారం. లాకప్పులో వాళ్ళను చూడ్డానికైనా వట్టి చేతుల్తో పోకూడదంటాడు. ప్రతి తనిఖీకీ మార్కెట్ దగ్గర ఆటో ఆపి డజను అరటిపండ్లు కొంటాడు. ఏం సార్, అల్లుళ్ళను చూసేకి వచ్చినారా అని కానిస్టేబుళ్ళు నగుతారు.”

*

సుబ్బరామి ఇల్లు శుభ్రంగా, చల్లగా ఉంది. భోజనాల బల్లమీద అద్దం, అద్దం కింద పాత విద్యార్థుల ఫోటోలు. ఆయన తానే కాఫీ కలిపి తెచ్చాడు.

“కవరు ఇక్కడే విప్పుతానమ్మా. ముద్ర ఒక్కసారి కూడా చెదరలేదు. చదివి, స్నానం, పూజ, టిఫిన్. తొమ్మిదిన్నరకు బయల్దేరతాను.”

“చదివిన కాగితం?”

“ఈ బల్లమీదే ఉంటుంది.”

“ఇంట్లో ఇంకెవరుంటారు?”

“నా కొడుకు ప్రశాంత్ ఒక్కడే. మూడు లారీలు తిప్పుతాడు. ఈ ఊర్లో ఇప్పుడు ఎవరింట్లో లేవమ్మా లారీలు?” ఆయన నవ్వాడు. “నేను వానితో మాటమాత్రం చెప్పను. జడ్జిగారి ముందు ప్రమాణం చేసినవాణ్ణి. నన్నడిగితే ఆ యల్లప్ప మీద కన్నేయండి. ముద్ర వేసేటప్పుడు పక్కనే ఉంటాడు.”

ప్రమాణం అన్నప్పుడు ఆయన గొంతులో నిజాయితీ ఉంది. అనుపమను భయపెట్టింది అదే. అబద్ధం చెప్పేవాడు ఎదుటివాని ముఖం చూసి కొలుచుకుంటాడు. ఈయన ఏమీ కొలుచుకోవడం లేదు.

బయటికి వచ్చాక ఆమె రామక్కకు ఫోన్ చేసింది. “చివరి మూడు తనిఖీలకు పోయేటప్పుడు ఆటో మార్కెట్ దగ్గర ఎంతసేపు ఆగింది?”

“ఆగలేదమ్మా. నేరుగా స్టేషన్‌కే పోయినాం.”

ఫోన్ పెట్టేశాక అనుపమ రోడ్డు పక్కనే నిలబడిపోయింది.

“యల్లప్పేనా మేడమ్?” అన్నాడు తిప్పేస్వామి.

“ఆ మాట రాసుకోకండి. ఈ సాయంత్రమే జడ్జిగారిని కలిసి, రేపటికి తనిఖీ పెట్టించాలి.”

“ఆయప్ప రేపటిదాకా బతికుంటాడా?”

ఆమె చేయెత్తి ఆటోను ఆపింది.

*

మరుసటి ఉదయం ఎనిమిదింటికి కవరు సుబ్బరామి ఇంటికి చేరింది. అందులో రాసింది ఆ స్టేషన్ పేరే. ఈసారి జడ్జిగారు ముద్ర వేసేటప్పుడు గదిలో ఎవరినీ ఉండనివ్వలేదు, కవరును మరో జవాను చేత పంపి యల్లప్పను తన ముందునుంచి కదలనివ్వలేదు. పంచర్ అంగడి దగ్గర ఒక కారులో తిప్పేస్వామి, పక్కన వారెంటుతో కోర్టు అధికారి ఉన్నారు. తొమ్మిదికి పది నిమిషాలుండగా టార్పాలిన్ దించిన జీపు బయటికి వచ్చి కురుగోడు వైపు తిరిగింది. కారు దాని వెనక కదిలింది.

పదిన్నరకు సుబ్బరామి, రామక్క ఆటో దిగేసరికి స్టేషన్‌లో జడ్జిగారు కూర్చుని ఉన్నాడు. అనుపమ, సిద్ధమ్మ గోడవారగా నిలబడ్డారు. ఎస్సై ఆంజినప్ప లాకప్పు తలుపు బార్లా తెరిచి చూపించాడు.

“చూడండి సార్. పురుగు కూడా లేదు. మా స్టేషన్ ఆశ్రమం మాదిరి ఉంటాది.”

గచ్చు తడిగా మెరుస్తోంది. తడి కింద, గోడ అంచు వెంట, ఎర్రటి చార మిగిలింది. ఖనిజం దుమ్మో, మరొకటో.

“అందరూ ఇక్కడే ఉండండి,” అంది అనుపమ. “ఈ స్టేషన్‌కు తనిఖీ కబురు తొమ్మిదికి ముందే చేరుతోంది. ఎస్సైగారి జీపే అందుకు సాక్షి. కబురు తెలియగలిగినవాళ్ళు ముగ్గురు. రామక్కగారికి పదింటికి ఆటో ఎక్కాకే తెలుస్తుంది. అప్పటికి జీపు పోయి గంటవుతుంది. యల్లప్ప ఈరోజు ముద్ర వేసేటప్పుడు గదిలో లేడు, తర్వాత జడ్జిగారి కళ్ళముందే ఉన్నాడు. అయినా జీపు కదిలింది. మిగిలింది సుబ్బరామిగారు.”

“నేను ఎవరికీ చెప్పలేదు,” అన్నాడు సుబ్బరామి.

“చెప్పలేదు. ఆ మాట నేను నమ్ముతాను. కాగితం బల్లమీద పెట్టి స్నానానికి పోయారు, అంతే. మీ అబ్బాయి చదివాడు, ఇక్కడికి ఫోన్ చేశాడు. ఆరోజు లారీ తోలిన ఓనరు ఆయనే, లేకుంటే ఈ లాకప్పు సంగతి ఆయనకెందుకు? గాదిలింగప్ప నోరు తెరవకూడదు, లేదా మీ అబ్బాయికి కావలసిన మాట కోసమే తెరవాలి.”

“వాడు చదువుతాడని నాకెట్లా తెలుస్తుందమ్మా?”

అనుపమ గొంతు తగ్గించింది. “లాకప్పులో మనుషులను చూడ్డానికి మీరు వట్టి చేతులతో పోరు. ఇన్ని నెలలుగా ఒక్కసారీ తప్పలేదు. కానీ ఈ మూడుసార్లు, ఈరోజు నాలుగోసారి, మీరు పండ్లు కొనలేదు. తినడానికి ఎవరూ ఉండరని మీకు ముందే తెలుసు. ఎవరూ మీకు చెప్పలేదు, మీరు ఎవరినీ అడగలేదు. మీ చేతులకు తెలిసింది, మీరు తెలియనివ్వలేదు.”

సుబ్బరామి తన చేతులవైపు చూసుకున్నాడు, అవి వేరేవాళ్ళవి అయినట్టు. ఆయన ముఖంలో మొదట కోపం వచ్చింది. అది నిలబడలేదు.

“ఒక్కడే కొడుకు,” అన్నాడు చివరికి.

“సార్,” అంది రామక్క, “ఆ ఖాళీ గదికి నాచేత గూడా సంతకాలు పెట్టిస్తిరి కదా.”

ఎస్సై జడ్జిగారి వైపు తిరిగాడు. “ఇదంతా ఊహ సార్. అరటిపండ్లు కొనకపోతే కేసు అయితాదా? మనిషి యాడ?”

బయట కారు ఆగింది. తిప్పేస్వామి, కోర్టు అధికారి చెరో వైపు పట్టుకుని ఒక మనిషిని లోపలికి నడిపించుకొచ్చారు. కురుగోడు రోడ్డులో ప్రశాంత్ లారీ షెడ్డులో, టైర్ల వెనక దొరికాడని అధికారి చెప్పాడు. ఆ మనిషి పాదాలు వాచి నల్లబడ్డాయి. అడుగు వేసిన ప్రతిసారీ దాన్ని నేలమీద పెట్టాలా వద్దా అని ఆగుతున్నాడు.

సిద్ధమ్మ ముందుకు ఉరికింది. గాదిలింగప్ప ఆమెను దాటి ఎటో చూస్తున్నాడు.

“భయపడొద్దప్పా,” అన్నాడు జడ్జిగారు. “నిన్ను ఎవరు కొట్టినారు?”

“లారీ నేనే తోలినా స్వామి,” అన్నాడు గాదిలింగప్ప. అడగని ప్రశ్నకు జవాబు. గొంతులో ఏ భావమూ లేదు. “నేనే తోలినా. నేనే తొక్కిచ్చినా.”

“అయ్యో, ఈయప్పకు స్టీరింగ్ పట్టేకే రాదు సార్,” అంది సిద్ధమ్మ.

ఎస్సై పెదవుల మీద చిన్న కదలిక కనిపించింది. అనుపమ వెళ్ళి గాదిలింగప్ప ఎదురుగా మోకాళ్ళమీద కూర్చుంది.

“సరేనప్పా, నువ్వే తోలినావు. మనిషి అడ్డం వచ్చినప్పుడు బ్రేకు తొక్కింటావు కదా. ఏ కాలితో తొక్కినావు?”

గాదిలింగప్ప తన పాదాలవైపు చూసుకున్నాడు. ఒకదాన్ని, తర్వాత రెండోదాన్ని. పన్నెండు రోజుల్లో ఈ ఒక్క ప్రశ్నకు జవాబు అతనికి ఎవరూ నేర్పలేదు.

అతను మెల్లగా తల ఎత్తాడు. జవాబు కోసం ఎస్సై ముఖంలోకి చూశాడు.