పిలిస్తే పలికే బొమ్మ

"ఏయ్ భాయ్! ఆగు!"

సాబిర్ వెనక్కి చూడడు. చూస్తే రెండడుగులు నష్టం!

పారమట్టా స్టేషన్ మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతున్నాడు. యాభై ఏళ్ల మోకాళ్లు మొరాయిస్తున్నాయి.

1999 డిసెంబరు ముప్ఫై ఒకటి. సాయంత్రం ఆరు. ఎండ ఇంకా మాడ్చేస్తోంది. జనమంతా బాణసంచా చూడటానికి సిటీ వైపు పోతున్నారు. సాబిర్ ఒక్కడే బ్లాక్‌టౌన్ వైపు.

రైలు తలుపులు మూసుకుంటున్నాయి...

దూకాడు!

వెనక నుంచి ఒక చెయ్యి భుజం మీది సంచిని పట్టుకుంది. విఠల్! రేవు ఏజెంటు రాజారావు దగ్గర పనిచేసేవాడు!

సాబిర్ ఆ వేళ్ల మీద పళ్లు దింపాడు.

"అమ్మా!"

చెయ్యి వదిలింది. తలుపు మూసుకుంది. రైలు కదిలింది.

సంచి తడుముకున్నాడు. ఉన్నాయి... రెండు బొమ్మలూ ఉన్నాయి.

ఒకటి అసలు. ఒకటి నకిలీ. మేలురకం చూపించాలంటే పక్కన నాసిరకం ఉండాలి. కడపలో బట్టల అంగడి నాటి నుంచి ఉన్న అలవాటు అది. ఈ రోజు కూడా వదల్లేదు.

ఉదయం అంగట్లో కైరో నుంచి వచ్చిన పెట్టె విప్పాడు. అమ్మకానికి తెప్పించిన జానెడేసి నీలం నకిలీ బొమ్మలు, రెండు వందలు. కూతురు మరియం ఒకటి చేతిలోకి తీసుకుని అలాగే నిలబడిపోయింది. యూనివర్సిటీలో ప్రాచీన ఈజిప్టు చరిత్ర చదువుతున్న పిల్ల.

"అబ్బా," అని తండ్రిని పిలిచింది. "దిస్ ఈజ్ రియల్! ఉషబ్తి అంటారు. సమాధిలో పెట్టేవాళ్లు, రోజుకొకటి లెక్కన మూడొందల అరవై అయిదు. ఛాతీ మీద కట్టుకున్న చేతుల్లో పారలు చూడు."

"చచ్చినోళ్ల కాడ పారలెందుకమ్మా?"

"పరలోకంలో పొలం పనికి పిలుపొస్తుంది. ఓనర్ పేరు పిలవగానే అతని బదులు బొమ్మ లేచి పలకాలి. ఇక్కడ రాసుంది... 'ఇదిగో, నేనున్నాను.' పని వాళ్లకి, రెస్టు ఓనర్‌కి!"

"మంచి బేరమే!" అని నవ్వాడు సాబిర్.

తర్వాత తప్పు చేశాడు. వ్యాపారస్తుడు మాత్రమే చేసే తప్పు!

ఎవరి సరుకు వాళ్లకి చేర్చాలి కదా. పెట్టెను రేవు నుంచి విడిపించిన ఏజెంటు రాజారావుకి ఫోన్ చేశాడు. "మీ సరుకేదో మా పెట్టెలో కలిసిందప్పా. పాతకాలందంట, మా పాప చెప్పింది. మ్యూజియానికి ఫోన్ చేస్తానంటాంది."

అంతే!

మధ్యాహ్నం మరియం బస్‌స్టాప్ నుంచి మాయమైంది. బొమ్మ తీసుకుని బ్లాక్‌టౌన్ గోడౌన్‌కి రమ్మని రాజారావు కబురు.

సెల్‌ఫోన్ మోగింది. సాబిర్ ఉలిక్కిపడ్డాడు.

"ఏంటి సాబిర్ భాయ్, మావాడి చెయ్యి కొరికావంట?" రాజారావు గొంతు. "అర్ధరాత్రి రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ పడుకుంటాయంటున్నారు. నా ఫ్లైట్ తొమ్మిదింటికి. బొమ్మ తే, పిల్లని తీసుకుపో. పోలీసులంటే మాత్రం..."

ఫోన్ కట్!

సాబిర్ కళ్లు మూసుకుని లెక్క వేశాడు. గోడౌన్‌కి రమ్మన్నవాడు దారిలోనే లాక్కోవాలని ఎందుకు చూశాడు? సరుకు చేతికొచ్చాక పిల్లతో పనేముంది? ఇక ఆ పిల్ల నోరున్న సాక్షి, అంతే!

వదలడు. ఇద్దరినీ వదలడు!

అసలుది చేతికందనంత వరకే మరియం ప్రాణం...

బ్లాక్‌టౌన్‌లో దిగగానే ప్లాట్‌ఫారం చివరికి పరుగెత్తాడు. నకిలీ బొమ్మ పాదాన్ని సిమెంటు మీద పరపరా రుద్దాడు. రంగు పోయి లోపలి ప్లాస్టరు బయటపడింది. పాత సరుకు కొనేవాడు చూసే పరీక్ష సాబిర్‌కి తెలుసు. నాలుక అంచున పెడితే అతుక్కోవాలి. ప్లాస్టరూ అతుక్కుంటుంది!

అసలుది చొక్కాలో దోపుకున్నాడు.

గోడౌన్. ఇనుప తలుపు. లోపల ఒక్క బల్బు.

కుర్చీలో మరియం. పెదవి చిట్లింది.

"అబ్బా! డోంట్ గివ్ ఇట్!"

"నువ్వు ఊరుకో తల్లీ," అన్నాడు రాజారావు. చేతిలో పిస్టల్. "తే భాయ్."

సాబిర్ బొమ్మను రెండు చేతులతో అందించాడు... బంగారం అందించినట్టు!

రాజారావు తిప్పి చూశాడు. పాదం నాలుకకి ఆనించాడు.

అతుక్కుంది!

"అసలే!" నవ్వాడు. సంబరం పట్టలేక బొమ్మ నుదుటి నుంచి కాళ్ల దాకా ముద్దులు పెట్టాడు.

"పిల్లను వదులు రాజారావ్. మాటంటే మాటే."

"తీసుకుపో," అన్నాడు రాజారావు, బొమ్మ మీంచి చూపు తిప్పకుండానే.

మరియం పరుగెత్తుకొచ్చింది. సాబిర్ ఆమెను పొదివి పట్టుకుని తలుపు వైపు నడిచాడు. ఆగకుండానే అసలు బొమ్మను ఆమె చేతిలోకి జార్చాడు.

"బయటికి పోయినాక పరుగెత్తు. స్టేషన్‌లో జనం ఉండారు. నాకోసం తిరిగి చూడొద్దు."

"అబ్బా, నువ్వు..."

"చెప్పింది చెయ్!"

పది అడుగులు... ఆరు... మూడు...

బయట కారు కీచుమంది. విఠల్ లోపలికి దూసుకొచ్చాడు. చేతికి గుడ్డ చుట్టుకున్నాడు. ఇద్దరినీ దాటి రెండడుగులు వేసి బిగుసుకుపోయాడు.

"అన్నా... నీ నోరేంటి?"

"ఏమైందిరా?"

"నీలంగా ఉంది! పెదాలు, నాలుక, మొత్తం!"

సాబిర్‌కి అప్పుడు తట్టింది.

రంగు! మూడు వేల ఏళ్ల నీలం కొలిమిలో కాలిన నీలం. ఉమ్మి తగిలితే ఊడదు. అంగట్లో నకిలీది మాత్రం ఊడుతుంది!

తను పాదం చూసుకున్నాడు గాని, రాజారావు పెదాల లెక్క వేయలేదు!

రాజారావు ముంజేత్తో నోరు తుడుచుకున్నాడు. నీలం మరక. బొమ్మను నేలకేసి కొట్టాడు. తెల్లటి ప్లాస్టరు!

అతని చూపు మరియం పిడికిలి మీద పడింది. పిస్టల్ లేచింది.

"మరియం!" అని అరిచాడు రాజారావు. "ఏయ్ మరియం!"

సాబిర్ కూతుర్ని బయటికి ఒక్క తోపు తోశాడు. ఇనుప తలుపు లాగి మూశాడు. లోపలి నుంచి గడియ వేశాడు.

బయట పరుగెడుతున్న చెప్పుల చప్పుడు... దూరం... ఇంకా దూరం...

వెనక్కి తిరిగి తలుపుకి వీపు ఆనించాడు. రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకున్నాడు, ఆ బొమ్మ లాగానే.

"మరియం!"

"ఇదిగో," అన్నాడు సాబిర్. "నేనున్నాను."

ఢాం!