జల్లెడలో డాక్టరమ్మ

"ఈ డబ్బా కళ్ళకి తొడుక్కుంటే విశాఖ డాక్టరమ్మ పక్కనే కూర్చున్నంత స్పష్టంగా కనిపిస్తుంది. చుక్కలెంత ఎక్కువైతే బొమ్మ అంత స్పష్టం — చూపులో ఒక్కో డిగ్రీకి అరవై చుక్కలు! ఇక మీరు రోగిని డోలీ కట్టి కొండ దింపక్కర్లేదు." పనసగూడలో ఆరోగ్య కేంద్రం తెరిచిన నాడు మైకులో ఇచ్చిన మాట ఇది.

ఇప్పుడు చీకటి పడితే ఆ గది పక్కకి ఎవరూ పోరు. తాళం వేసిన తలుపు వెనక ఆడగొంతు పిలుస్తుందట... "చెప్పమ్మా, ఎక్కడ నొప్పి?"

సుమే అన్నారు ఊరంతా. పురిటి నొప్పులతో అక్కడే పోయింది కదా — కడుపులో బిడ్డతో సహా.

సుమ మొగుడు భీముడు ఐదు నెలలు చెవులు మూసుకున్నాడు. ఒక రాత్రి మంచు గడపల దాకా దిగింది. పోయిన కరెంటు అప్పుడే వచ్చింది. గొంతు మొదలైంది.

ఆశా కార్యకర్త రాజకుమారిని లేపి తాళంచెవి అడిగాడు.

"పిచ్చేటి నీకు, తమ్ముడూ?" గుసగుసగా అంది.

"పిలుస్తంటే ఎల్లకపోతే ఎలాగక్కా?"

టార్చి పట్టుకుని ఆమే వెంట వచ్చింది. తలుపు తీశారు. మంచం ఖాళీ. దాని మీద కళ్ళకి తొడుక్కునే డబ్బా... వైరు గోడకే ఉంది. లోపల నీలం వెలుగు.

గొంతు దాంట్లోంచే!

భీముడు తొడుక్కున్నాడు. ముఖం ఉంది... ముఖం కాదు, చుక్కలు. చుక్కకీ చుక్కకీ మధ్య నల్లటి గళ్ళు.

"జల్లెడలోంచి చూసినట్టుంది, మావా" — పురిటి రాత్రి ఇదే తొడుక్కుని సుమ అంది. దూరం కదా, అలాగే ఉంటదిలే అన్నాడు తను. డోలీ కర్ర అప్పటికే భుజాన ఉంది. డాక్టరమ్మ మాట వినగానే దింపేశాడు.

"కంగారు పడకండి..." డాక్టరమ్మది ఇప్పుడూ అదే మాట. "నేను చూస్తున్నాను."

ఆమె వెనక గోడ మీద నాలుగు నల్ల చుక్కలు కదిలాయి. మెల్లగా... పైకి...

నొప్పుల మధ్య ఆ రాత్రి సుమ నవ్వింది — "డాక్టరమ్మ ఎనకాల బల్లి ఎక్కుతంది, మావా!"

అదే గోడ. అదే బల్లి.

"అక్కా... ఇది మడిసి కాదు."

"దెయ్యమా?"

"దెయ్యమైతే నయం. ఎప్పుడో తీసి పెట్టిన బొమ్మ. కరెంటొస్తే దానంతటదే ఆడతంది. నా సుమ... బొమ్మకి నొప్పులు చెప్పుకుంది."

రాజకుమారి డబ్బా తిరగేసి అడుగున చదివింది. "శిక్షణ నమూనా. డిగ్రీకి పది చుక్కలు." డబ్బాని మంచం మీద పెట్టేసింది. "నేర్పడానికి తెచ్చిందట, వైద్యానికి కాదు. అరవై చుక్కలుంటే, ఆ కళ్ళు తనని చూడట్లేదని పట్టేసేది గుంట... నేనే తొడిగాను, తమ్ముడూ. ఈ చేత్తోనే."

ముంచింగిపుట్టు సంతలో, జనం మధ్య నిలబడి ఇద్దరూ ఒక అర్జీ చదివారు. రాత ఆమెది, వేలిముద్ర అతనిది.

"వైద్యం భిక్ష కాదు, హక్కు. మాట ఇచ్చినవాళ్ళని అడుగుతున్నాం — 'నేను చూస్తున్నాను' అంది కదా మీ బొమ్మ, ఆ రాత్రి మమ్మల్ని చూసింది ఎవరు? సుమ పోయి ఆరు నెలలు నిండే రోజు లోగా, అంటే ఫిబ్రవరి పదో తేదీ లోగా, జవాబు చెప్పండి."