ఇరవయ్యేడో పేజీ గుసగుస

కెనడాలోని రెజైనాలో తెలుగు స్టూడెంట్ ఎవరినైనా అడగండి. ఆ పాత ఇటుక బిల్డింగ్ బేస్‌మెంట్‌లో రీడింగ్ రూమ్ ఉంది చూశారూ, చీకటి పడ్డాక అందులో అడుగుపెట్టమంటే దణ్ణం పెట్టేస్తారు. చీకటంటే ఏ అర్ధరాత్రో అనుకునేరు! డిసెంబర్లో అక్కడ సాయంత్రం అయిదింటికే కన్ను పొడుచుకున్నా కనపడదు.

కిరీటి అని బందరు కుర్రాడొకడు అక్కడ డ్యూటీ చేస్తూ ఓ సాయంత్రం జాకెట్ వదిలేసి రోడ్డుమీదకి పరిగెత్తాడు. మైనస్ ముప్పైలో జాకెట్ వదిలేశాడంటే ఎంత హడలిపోయాడో మీరే ఊహించుకోండి. ఏమీ చూడలేదట. విన్నాడట. చివరి అలమర వెనక పేజీలు తిరగేస్తున్న చప్పుడు... అది ఆగి, ఓ సన్నటి గొంతు — "ఎస్..."

మళ్ళీ పేజీలు... "నో..."

అంతే. ఆ ఎస్ దేనికో, నో దేనికో ఎవరికీ తెలీదు.

వాడి తర్వాత ఆ పని ధాత్రికి వచ్చింది. పాలకొల్లు పిల్ల. ఇంటికొకరు చొప్పున కెనడా ఫ్లైటెక్కుతున్న రోజులవి. లైబ్రరీ కోర్సు చదువుతోంది. ఆ గదిలో అరవై గంటలు పనిచేసి, సుధామయి గారి సంతకం తెచ్చుకుంటేనే కోర్సు పూర్తయినట్టు. ఏప్రిల్లో స్టడీ పర్మిట్ అయిపోతుంది. సంతకం లేదా, పెట్టె సర్దుకోవడమే. దెయ్యానికి భయపడే తీరికెక్కడిది పాపం!

ఆ గది చూసుకునే సుధామయి గారు రిటైరైన హిస్టరీ ప్రొఫెసర్. బ్రిటన్లో మామూలు జనం, అంటే మిల్లు కార్మికులు, వంటమనుషులు, ట్రాము కండక్టర్లు, ఏం చదివేవారు, ఎప్పుడు చదివేవారు... అదీ ఆవిడ పిచ్చి. ఆ గదిలో పుస్తకాలన్నీ ఇంగ్లండ్ నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డవాళ్ళు పోగుచేసినవే. "శుభ్రంగా దుమ్ము దులిపి లిస్టు రాయి అమ్మాయ్" అని చెప్పి, ఆవిడ కూతురి పురిటికని టొరంటో వెళ్ళారు.

ధాత్రి దులిపింది. ఊరికే దులిపి ఊరుకుంటుందా! పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇంట్లో పుట్టింది. పుస్తకంలో గీత గీస్తే సరస్వతి అలుగుతుందని పెంచారు. మరిక్కడేమో ఏ పుస్తకం తీసినా ఇరవయ్యేడో పేజీ అడుగున పెన్సిల్ గీతలే. ఒకదాంట్లో బుల్లి శిలువ, ఒకదాంట్లో నెలవంక, ఇంకోదాంట్లో పిచ్చుక కాలు. ఏ పిల్ల వెధవలు గీశారో అని తిట్టుకుంటూ, రబ్బరు పట్టుకుని చెరిపేసింది. రోజుకి నలభై పుస్తకాలు.

మొదటివారంలోనే ఆ గొంతు వినపడింది.

"ఎస్... నో... ఎస్... ఎస్..."

ఆంజనేయస్వామిని తలుచుకుంటూ, తల ఎత్తకుండా పని చేసుకుంది.

రెండోవారానికి ఎస్‌లు తగ్గాయి. మూడోవారం వచ్చేసరికి — "నో... నో... నో..." మధ్యమధ్య వెక్కిళ్ళు.

సుధామయి గారు తిరిగొచ్చారు. వస్తూనే ఓ పుస్తకం అందుకున్నారు.

"ఇరవయ్యేడో పేజీ తియ్యి. నీకో తమాషా చూపిస్తా. వెనకటికి ఇంగ్లండులో వారంవారం లైబ్రరీకెళ్ళి పుస్తకాలు తెచ్చుకునేవారు. ఏది చదివారో, ఏది చదవలేదో గుర్తుండద్దూ? అందుకని ఒక్కొక్కళ్ళకి ఒక్కో గుర్తు. చదవడం అవగానే ఫలానా పేజీలో పెట్టేసేవారు. లైబ్రరీవాళ్ళు కేకలేసినా మానలేదు. ఇక్కడికొచ్చాక కూడా మానలేదు! నేను రాస్తున్నదంతా ఈ గుర్తుల మీదే."

పేజీ తీశారు. ఖాళీ. ఇంకో పుస్తకం. ఖాళీ. పదో పుస్తకానికి ఆవిడ మొహం పాలిపోయింది.

"ఎవరైనా చెరిపారా?"

సంతకం, పర్మిట్, ఇంటిదగ్గర నాన్న... అన్నీ ఒక్కసారి ధాత్రి కళ్ళముందు తిరిగాయి.

"లేదు మేడమ్. నేను చూసేసరికే లేవు."

ఆ రాత్రి ఆ పిల్లకి కునుకు పడితే ఒట్టు. ఎస్ అంటే చదివినది. నో అంటే చదవనిది. పోయినవాళ్ళెవరో తమ గుర్తు కోసం వెతుక్కుంటున్నారు. చెరిపింది తను. ఎంత పాపం మూటగట్టుకుంది!

ఇంకా నాలుగు గంటల పని మిగిలుంది. మర్నాడు వెళ్ళక తప్పలేదు.

అయిదయింది. చీకటి... చివరి అలమర వెనక సన్నటి వెలుగు కదిలింది.

"నో..."

ధాత్రి లేచింది. నడిచింది — ఒక వరస, రెండు వరసలు...

"నో... నో..."

"సారీ..." అంది గొణుగుతున్నట్టు. "తప్పయిపోయింది... క్షమించండి..."

వెలుగు ఆరిపోయింది. చీకట్లోంచి ఓ చెయ్యి వచ్చి మణికట్టు పట్టుకుంది!

ప్రాణం పోయిందనుకుంది. కానీ... ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

దెయ్యమూ లేదు, పాడూ లేదు. ఉన్ని స్వెట్టరు, ఇంట్లో వేసుకునే చెప్పులు, టార్చిలైటు. ఎనభై దాటిన ముసలావిడ. చలికాలంలో నడవడానికని పక్కనున్న వృద్ధాశ్రమానికి అక్కణ్ణుంచి నేలకిందుగా ఓ దారి వేశారు. ఆ దారి తలుపు మూసేసి ఉందని అందరూ అనుకుంటున్నారు. అక్కడ అయిదింటికే భోజనాలు. అందరూ తింటుంటే ఈవిడ పుస్తకాలకొస్తుంది. పేరు డోరీన్.

"మా అమ్మ నేర్పిన గుర్తు" అంది ఇంగ్లీషులో. "నెలవంక. అరవై ఏళ్ళు పెట్టానని నమ్మకం. ఇప్పుడు ఒక్కదాంట్లోనూ లేదు. అంటే పెట్టనే లేదన్నమాట. మతి పోయింది నాకు. రేపు మతిమరుపు వాళ్ళ వార్డుకి మార్చేస్తారు. నేనే మార్చమన్నాను."

ధాత్రికి ఏడుపు తన్నుకొచ్చింది. "మీరు పెట్టారు! నెలవంకలు నేను చూశాను. నేనే చెరిపేశాను!"

ముసలావిడ ఆ పిల్ల బుగ్గ తట్టింది. "నర్సులు చెప్పమన్నారా? మంచి మనసమ్మా నీది."

"నిజం! ఒట్టు!"

"సరేలే" అని నవ్వి, టార్చి వెలిగించుకుని తలుపువైపు తిరిగింది.

ఇంకేం చెయ్యాలి? గుర్తులన్నీ రబ్బరు పొడిలో కలిసిపోయాయి. ధాత్రి ఫోన్ తీసి, స్పీకర్లో పెట్టి, సుధామయి గారికి కలిపింది.

"మేడమ్, గుర్తులన్నీ నేనే చెరిపాను. నిన్న మీతో అబద్ధం చెప్పాను."

అట్నుంచి సుధామయి గారు విరుచుకుపడ్డారు.

"సిగ్గు లేదుటే నీకు! నా మొహం మీదే అబద్ధమాడతావా! వందేళ్ళ గుర్తులే అవి, వందేళ్ళవి! రబ్బరు పెట్టి తుడిచేస్తావా! నీకు చదువు చెప్పినవాళ్ళననాలి! సంతకం కాదు కదా, నీ కాయితం వంక కూడా చూడను, ఫో!"

ముసలావిడ ఆగింది. ఆవిడకి ఒక్క తెలుగు ముక్క రాదు. కానీ ఉత్తుత్తి మాటకి ఎవరూ అంత ఇదిగా తిట్టరని ఏ దేశంలో పుట్టినవాళ్ళకైనా తెలుసు. తిట్లు పెరుగుతున్నకొద్దీ ఆవిడ మొహంలోకి రక్తం వచ్చింది.

"నిజంగానే చెరిపావా?" అంది.

ధాత్రి తలూపి, కళ్ళు తుడుచుకుంటూ ఫోన్ పెట్టేయబోయింది.

ముసలావిడ గబగబా వచ్చి ఆ చెయ్యి పట్టేసుకుంది.

"పెట్టెయ్యకు... ఇంకాస్త తిట్టనీ."